రెండు కుర్చీలు, అరవై రెండు ఇళ్ళు

ఆ సందులో పసిపిల్లల నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరూ ఆమెను లెక్కలక్క అనే పిలుస్తారు. సొంత పేరు ఓటర్ల జాబితాలో ఉండే ఉంటుంది. ఆ జాబితా రాసిందీ ఆమే. ముప్ఫై ఏళ్ళుగా ఆమె బతుకుతెరువు లెక్కపెట్టడం. జనాభా లెక్కలప్పుడు మనుషుల్ని లెక్కపెట్టింది. పశువుల లెక్క వచ్చినప్పుడు పాకల వెంట తిరిగి ఆవుల్నీ మేకల్నీ లెక్కపెట్టింది. ఒక వానాకాలమంతా నీటి తొట్లలో దోమపిల్లల్ని గరిటెతో తోడి లెక్కపెట్టింది. ఒకసారి నాలుగు రోడ్ల కూడలిలో గొడుగు కింద కూర్చుని, మూడు రోజుల పాటు వచ్చే బండికీ పోయే బండికీ గీతలు గీసింది. విదేశీ అప్పుతో పెద్ద రోడ్డు వేస్తారట, ఎటు వెయ్యాలో తేల్చడానికి ఆ గీతలు. రోడ్డు వేశారు. గీతలు ఎక్కువ పడ్డ వైపు కాదు, ఓడరేవు వైపు.

"అదేంటే, తప్పు లెక్కపెట్టావా?" అన్నాడు భర్త. ప్రైవేటు బస్సు నడిపి నడిపి నడుం పోయి ఇంట్లో కూర్చున్న మనిషి. రోడ్ల విషయంలో ఆయనకు అభిప్రాయాలు జాస్తి.

"నేను బళ్ళు లెక్కపెట్టానండీ. వాళ్ళు సరుకు లెక్కపెట్టుకున్నారు," అంది.

ఇంతకు మించి ఆమె ఏ లెక్క మీదా వ్యాఖ్యానం చెయ్యగా ఎవరూ వినలేదు. పనిలో చేరిన రోజున ఒక ముసలి అధికారి ఆమెకు ఒకే ఒక్క మాట చెప్పాడు: "కంటితో చూసింది రాయి. విన్నది రాయకు. అనుకున్నది అసలే రాయకు." ఆ అధికారి పోయి చాలా కాలమైంది, ఆయన మాట మాత్రం ఆమె దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. ఆమె లెక్కను ఏ తనిఖీలోనూ ఎవరూ తప్పు పట్టలేదు. చీకట్లో మెట్లెక్కినా ఎన్నో మెట్టు మీద ఉందో చెప్పగలదు. "నా తప్పులు కూడా అంకెలేసి దాచింది. పోట్లాట వస్తే నూట పన్నెండో తప్పు అని మొదలుపెడుతుంది," అని భర్త నవ్వేవాడు.

వాళ్ళుండేది గుండీల సందు. అరవై రెండు ఇళ్ళు, ఎదురెదురుగా రెండు వరసలు. ఎదురెదురు వాళ్ళు ఒకేసారి తలుపులు బయటికి తెరిస్తే ఆ తలుపులు రెండూ ఢీకొంటాయి. ఓడరేవు దగ్గరి చొక్కాల ఫ్యాక్టరీ నుంచి మూటలు వస్తాయి, ఆడవాళ్ళు గడపల మీద కూర్చుని గుండీలు కుడతారు. ముందు ఏడు, చేతులకు రెండు, లోపలి అంచున ఒకటి. ఆ లోపలిది ఎందుకంటే, దూరదేశంలో ఆ చొక్కా తొడుక్కునే మనిషికి ఎప్పుడైనా ఒక గుండీ ఊడిపోతే వెతుక్కోనక్కర్లేకుండా. అతని సౌకర్యం గురించి ఇంత ముందుచూపుతో ఆలోచించేవాళ్ళు అతని సొంత చుట్టాల్లో కూడా ఉండరు. కుట్టినదానికి కూలి డజన్ల లెక్కన. ఈ మధ్య ఆ చొక్కాలు కొనే కంపెనీకి గుండీ ఇంకా చవగ్గా కుట్టే దేశం దొరికిందట. వారానికి మూడు మూటలు వచ్చే ఇంటికి ఒక్కటే వస్తోంది. ఆ సందు మొత్తంలో నెల తిరిగేసరికి జీతమంటూ వచ్చే ఇల్లు లెక్కలక్కది ఒక్కటే.

ఆ సందు చివర మేడగదిలో నేను ఒక ఏడాది పైగా అద్దెకున్నాను కాబట్టి కుర్చీల సంగతి నాకు తెలుసు. లేకపోతే నాకూ తెలిసేది కాదు.

కుర్చీలు రెండు. పాత ఓడల్ని విప్పేచోట పనిచేసిన ఒకాయన, ఏ దేశపు కెప్టెన్ కూర్చున్నవో ఏమో, నీలం దిండ్ల కుర్చీలు రెండు ఇంటికి మోసుకొచ్చాడు. ఆయన పోయాక అవి ఆయన భార్యవి. అందుకే ఆమె కుర్చీల పెద్దమ్మ. డెబ్బై దాటిన మనిషి, చక్కెర జబ్బు, పూటకో సూది. సందులో ఎవరింటికి పై మనిషి వచ్చినా, అంటే చేతిలో కాగితం ఉన్న మనిషి ఎవరొచ్చినా, పెద్దమ్మ కుర్చీలు ఆ ఇంటికి వెళ్తాయి. ఆరో ఇంటివాళ్ళ నిలువు ఫ్యాను వెళ్తుంది. ఇంకొకరి గాజు కప్పులు వెళ్తాయి. ఇళ్ళ వెనక మురుగు కాలువ పక్కన మనిషి అడ్డంగా మాత్రమే నడవగలిగే దారి ఒకటుంది; అన్నీ ఆ దారినే వెళ్తాయి, వస్తాయి. అడగడం ఉండదు, థాంక్స్ ఉండదు. దీన్ని అక్కడెవరూ అబద్ధం అనుకోరు. వచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెట్టకపోవడం మర్యాద, అంతే.

దేశాలకు అప్పులిచ్చే పెద్ద సంస్థ ఒకటుంది. అది అప్పుతో పాటు ఒక పద్ధతి కూడా ఇస్తుంది. ఈసారి ఇచ్చిన పద్ధతి ఏమిటంటే, ఉచితం అన్నది నిజంగా పేదవాళ్ళకే అందాలి, ఎవరు పేదో నలభై ప్రశ్నలడిగి తేల్చాలి. ఆదాయం ఎంత అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు కాబట్టి వస్తువుల్ని అడుగుతారు. ఫ్యాను ఉందా, కుర్చీ ఉందా, ఫ్రిజ్ ఉందా. ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటుంది. ఏ వస్తువుకు ఎన్ని మార్కులో అడిగేవాళ్ళకూ తెలియదు, చెప్పేవాళ్ళకూ తెలియదు. తెలిస్తే జనం మోసం చేస్తారని ఆ గుట్టు సముద్రాల అవతల ఒక కంప్యూటర్లో ఉంచారు. సందు మొత్తం మార్కుల సగటు ఒక గీత దాటితే ఆ సందు పేదది కాదు.

ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదని నా నమ్మకం. చరిత్ర అంతా తిరగేసి చూడండి, గుమ్మంలోకి కాగితం పట్టుకుని వచ్చినవాడు తీసుకుపోవడానికే వచ్చాడు. పన్ను వసూలు చేసేవాడు వస్తున్నాడంటే జనం గింజల్ని గోతుల్లో దాచారు, పశువుల్ని అడవికి తోలారు. ఉన్నది దాచడమే మనిషి స్వభావమని ఆ పద్ధతి రాసినవాళ్ళు పుస్తకాల్లో చదువుకున్నారు. లేనిది దాచే మనుషుల గురించి పుస్తకాల్లో తక్కువ రాశారు.

గుండీల సందు లెక్క రాయడానికి వేరే మనిషి దొరక్క, సొంత సందే అయినా లెక్కలక్కనే పంపారు. పొద్దున్న ఎనిమిదింటికి మొదటి ఇంట్లో అడుగుపెట్టింది. నీలం కుర్చీ వేశారు. పక్కనే ఫ్యాను తిరుగుతోంది. గాజు కప్పులో టీ ఇచ్చారు. రెండో ఇంట్లో నీలం కుర్చీ, ఫ్యాను, టీ. నాలుగో ఇంట్లో కూర్చోగానే దిండు ఇంకా వెచ్చగా తగిలింది. ఆ వేడి తనదేనని ఆమెకు తెలిసింది.

తొమ్మిదో ఇల్లు సూది కోడలిది. సందులో ఆమె అంత వేగంగా గుండీ కుట్టేవాళ్ళు లేరు. నోరు ఆ సూది కన్నా వేగం.

"ఫ్యాను ఉందా?" అని అడిగింది లెక్కలక్క, చేతిలోని ట్యాబ్లెట్ పలక మీద వేలు పెట్టి.

"కళ్ళ ముందు గిర్రున తిరుగుతుంటే అడుగుతావేంటక్కా?"

"అడగాలి. రూలు."

"ఉంది, రాసుకో."

"కుర్చీ?"

"మరి దేని మీద కూర్చున్నావు, నా నెత్తి మీదా?"

లెక్కలక్క కుర్చీ చేతిని తడిమి చూసింది. "దీన్నెక్కడో చూసినట్టుందే."

"కుర్చీలన్నీ అక్కాచెల్లెళ్ళక్కా. ఒకటే పోలికలు."

వెనక తలుపు సందులోంచి ఎవరిదో గొంతు వచ్చింది: "త్వరగా కానివ్వవే, పదో ఇంట్లో నిలబడి ఉన్నాం!"

ఇద్దరూ వినలేదు. లెక్కలక్క పలక వైపు చూసింది, సూది కోడలు గోడ వైపు చూసింది. ఒక ఆడమనిషి తన ఇంట్లో కుర్చీ ఉందని మొహం ఎత్తి చెప్తుంటే, లేదు అని రాయడం ఆమెను ఆమె గడపలోనే అబద్ధాలకోరు అనడం. అదీగాక, కంటికి కనిపిస్తూనే ఉంది కదా. ఉంది అని నొక్కింది.

ముప్ఫై ఒకటో ఇంట్లో పెద్దమ్మ ఉంటుంది. అక్కడ ఒక ఫ్రిజ్ ఉంది.

"పనిచేస్తుందా పెద్దమ్మా?"

"నీ పలకలో ఆ ప్రశ్న ఉందా?"

"లేదు."

"మరి ఎందుకడుగుతావు? ఉందా లేదా అన్నది కదా? ఉంది."

ఆ ఫ్రిజ్ చల్లబడక ఎనిమిదేళ్ళు. అందులో దుప్పట్లు, గుండీల డబ్బాలు ఉంటాయి. పెద్దమ్మ సూదిమందు సీసాలు ఉండేది సందు చివర ఒంటిగది ఉచిత వైద్యశాలలో, నర్సమ్మ ఫ్రిజ్‌లో. పొద్దున్నా సాయంత్రమూ పెద్దమ్మ అక్కడిదాకా నడిచి వెళ్ళి చెయ్యి చాపుతుంది.

చివరికి తన ఇల్లు కూడా తనే రాసుకుంది. కుర్చీ స్థానంలో భర్త గ్యారేజీ నుంచి తెచ్చుకున్న పాత బస్సు సీటు, మంచం పక్కన చిన్న ఫ్యాను, నెల జీతం. సాయంత్రం లోపల అరవై రెండు ఇళ్ళూ పూర్తి. అధికారి ఫోన్ చేసి, ఇంత శుభ్రమైన లెక్క ఈ నగరంలో ఇంకెక్కడా రాలేదన్నాడు.

ఏడు నెలల తర్వాత ఒక ఉదయం నర్సమ్మ కబురు పెట్టింది. లెక్కలక్క వెళ్ళేసరికి వైద్యశాల గది నిండా ఆడవాళ్ళు. నర్సమ్మ చేతిలో ఉత్తరం ఉంది.

"మీకందరికీ అభినందనలు చెప్పారు," అంది నర్సమ్మ. ఆమె మొహంలో అభినందన ఏమీ లేదు. "ఈ సందు పేదరికం నుంచి బయటపడిందట."

"ఎప్పుడు బయటపడ్డాం?" అంది పెద్దమ్మ. "నాకెవరూ చెప్పలేదే!"

అందరూ నవ్వారు. నర్సమ్మ మిగతాది చదివింది. రెండు నెలల తర్వాత ఇక్కడ ఉచిత మందులు ఆగిపోతాయి. గీతకు పైనున్న వీధుల వాళ్ళు మందులు కొనుక్కోగలరు కాబట్టి, ఈ ఫ్రిజ్, ఈ నర్సు, ఈ మందులు ఇంకా పేద వీధికి వెళ్తాయి. నవ్వు ఆగిపోయింది. పెద్దమ్మ వాడే సీసా ఒకటి బజార్లో ఎంతో సూది కోడలికి తెలుసు. వారమంతా కుట్టినా అంత రాదు.

లెక్కలక్క ఉత్తరం చేతిలోకి తీసుకుని వెనక పేజీ తిప్పింది. కుర్చీ ఉన్న ఇళ్ళు, నూటికి నూరు. ఫ్యాను ఉన్న ఇళ్ళు, నూటికి నూరు. ముప్ఫై ఏళ్ళలో ఆమె ఎన్నో లెక్కలు చూసింది కానీ నూటికి నూరు ఎప్పుడూ చూడలేదు. నూటికి నూరు మందికీ ఉండేది చావు ఒక్కటే. ఆ అంకె తన చేత్తో రాసిందే. ఏ ఒక్క ఇంట్లోనూ తప్పు లేదు. అన్నీ కలిపితే మొత్తం తప్పు.

"నన్ను చూస్తావేం?" అంది పెద్దమ్మ ఆమెతో. "నువ్వు ఉన్నదే రాశావుగా."

"అవును పెద్దమ్మా. అందుకే వెళ్ళాలి."

నగరంలో ఆ ఆఫీసు అద్దాల భవనం. లోపల చలి ఎంతంటే గుమాస్తాలు కోట్లు వేసుకుని కూర్చుంటారు. అధికారి ఆమె చెప్పింది సగం విని, కంప్యూటర్లో ఫిర్యాదుల పేజీ తెరిచాడు.

"మూడు రకాలే ఉన్నాయమ్మా. ఇల్లు వదిలేశారా? పేరు తప్పు పడిందా? ఎవరైనా ఆస్తి దాచారా?"

"ఎవరూ ఏమీ దాచలేదు సార్. లేనివి చూపించారు."

"దానికి గడి లేదు."

పక్క గదిలోంచి ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. ఆ సంస్థ పంపిన నిపుణుడు. ఆయన తన భాషలో అడుగుతుంటే అధికారి ఈమెకు చెప్పాడు, ఈమె మాట ఆయనకు చెప్పాడు. కుర్చీల సంగతి వినగానే నిపుణుడు పకపకా నవ్వాడు, వెంటనే నవ్వినందుకు సిగ్గుపడ్డాడు.

"ఉన్నది దాచేవాళ్ళను పట్టుకోవడానికి పద్నాలుగు తనిఖీలు పెట్టాం," అన్నాడు.

"లేమిని దాచేవాళ్ళకు ఎన్ని పెట్టారు సార్?"

ఆయన "అవే కుర్చీలని మీకు తెలుసు కదా. మరి ఎందుకు రాశారు?" అని అడిగాడు.

"కనిపించింది రాశాను సార్. తెలిసింది రాయడానికి గడి లేదు."

నిపుణుడు అధికారితో చాలాసేపు మాట్లాడాడు. మంచి మనిషే. దారి వెతికాడు, దొరికింది కూడా. గణకుల లోపం అని ఒక ఫారం ఉంది. ఈ సందు లెక్క నేను సరిగ్గా చెయ్యలేదు అని లెక్క రాసినవాళ్ళే సంతకం పెడితే, ఆ లెక్క కొట్టేసి కొత్త మనిషితో మళ్ళీ రాయిస్తారు. సంతకం పెట్టినవాళ్ళకు మాత్రం ఆ సంస్థ డబ్బుతో జరిగే ఏ లెక్కలోనూ ఇక పని ఉండదు. అప్పటికి ఆ దేశంలో ఆ సంస్థ డబ్బు లేకుండా జరిగే లెక్కలు మిగల్లేదు. దోమపిల్లల లెక్క కూడా వాళ్ళదే.

"కానీ నాది లోపం కాదు సార్," అంది లెక్కలక్క. "ముప్ఫై ఏళ్ళు. ఒక్క తప్పు ఎవరూ పట్టలేదు."

"అందుకేనమ్మా, మీ సంతకానికి విలువ," అన్నాడు అధికారి. పాపం, ఓదార్పుగానే అన్నాడు.

ఆమె కలం పట్టుకుని ఎంతసేపు కూర్చుందో నాకు చెప్పలేదు. రోజుకు రెండు సూదులు, నెలకు అరవై, ఏడాదికి ఏడు వందల ముప్ఫై అని లెక్కవేశానని మాత్రం చెప్పింది. తర్వాత సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి భర్తతో ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆయన బస్సు సీట్లో అటూ ఇటూ కదిలాడు.

"అయితే ఇక నన్నొక్కణ్ణే లెక్కపెట్టుకుంటావా?"

"ఎంత గట్టిగా లెక్కపెట్టినా మీరు ఒక్కరే కదండీ."

"ఆ ఒక్కణ్ణీ సరిగ్గా చూసుకో చాలు," అన్నాడు. ఆ పూట టీ ఆయనే పెట్టాడు. చక్కెర మర్చిపోయాడు. ఆమె ఏ నంబరూ వెయ్యలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మర్నాడు ఆమె సందు మధ్యలో నిలబడి, మళ్ళీ లెక్క వస్తుందనీ, ఈసారి ఎవరింట్లో ఉన్నది వాళ్ళింట్లోనే ఉంచాలనీ చెప్పింది. గడపల మీద సూదులు ఆగిపోయాయి. ఉద్యోగం పోయిందన్నది మాత్రం చెప్పలేదు.

"అంటే ఏంటక్కా?" అంది సూది కోడలు. "పైన పటారం లోన లొటారం అని కాగితం మీద రాయించుకోవాలా?"

"రాయించుకోకపోతే మందులుండవు."

"గుమ్మంలోకొచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెట్టమంటావా?"

"నేలకేమైంది? నువ్వు కూర్చోవడం లేదా?"

"నేను నా ఇంట్లో కూర్చున్నాను. వచ్చేది పై మనిషి. రేపు ఊరంతా వెళ్ళి చెప్పదూ, గుండీల సందులో కూర్చోవడానికి పీటకు కూడా దిక్కు లేదని?"

"చెప్పాలనే కదే పిలుస్తున్నది!"

"ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి," అన్నారెవరో ఎదురు వరసలోంచి.

లెక్కలక్క పెద్దమ్మ గడప దగ్గరికి వెళ్ళింది. పెద్దమ్మ చొక్కా మీద నుంచి తలెత్తలేదు.

"నా కుర్చీలు. నా ఇష్టం. ఎవరికైనా ఇస్తాను."

"సూది ఆగితే ఏమవుతుందో నర్సమ్మ చెప్పలేదా?"

"పోతాను. పరువుతో పోతాను."

"పరువు పొద్దున్నే లేచి వచ్చి నీకు సూది పొడుస్తుందా పెద్దమ్మా?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే," అంది పెద్దమ్మ. "కానీ అమ్మని అడగొచ్చు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాణ్ణి, సముద్రం అవతల ఉన్నవాణ్ణి, నా దగ్గర లేదు బాబూ అని ఎలా అడుగుతావు? నీకు చదువొచ్చు, నువ్వడుగు."

లెక్కలక్క తన గడపకు తిరిగి వచ్చేసింది. నేను దేశాలు తిరిగి చూశాను, మంత్రులు సూట్లు వేసుకుని, ఇస్త్రీ చేసిన ముఖాలతో వెళ్ళి అడుగుతారు, అడిగింది అప్పు కాదు భాగస్వామ్యం అంటారు. వాళ్ళూ కుర్చీలు మోసుకెళ్ళేవాళ్ళే. గుండీల సందుకు ఆ భాష రాదు, అంతే తేడా.

రెండు వారాల తర్వాత కొత్త గణకురాలు వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి. ఎనిమిదో నెల కడుపు. దారి పొడుగునా నడిచి వచ్చి చెమటలు కక్కుతోంది. పాత లెక్క రాసిన మనిషి వెంట ఉండకూడదని రూలు, అందుకని లెక్కలక్క తన గడప దాటలేదు. తలుపు చెక్క పట్టుకుని నిలబడి చూస్తోంది.

మొదటి ఇంట్లో చాప పరిచారు. ఆ అమ్మాయి వద్దని నిలబడే రాసుకుంది. రెండో ఇంట్లో కూర్చుంది కానీ లేవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. మూడో ఇంటికి వచ్చేసరికి ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో పలక పట్టుకుని, "నీళ్ళున్నాయామ్మా?" అని అడిగింది. సందు సందంతా ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. కుట్టేవాళ్ళ చేతులు ఆడటం లేదు. సూది కోడలు లేచి ఇంట్లోకి వెళ్ళి వెనక దారిన మాయమైంది. ఎక్కడికి వెళ్ళిందో లెక్కలక్కకు తెలుసు. ఆ ఒక్క కుర్చీ మూడో ఇంట్లోకి వెళ్తే నాలుగో ఇల్లు ఊరుకోదు, నాలుగో ఇంటికి వెళ్తే అరవై రెండూ పూర్తే. కేక వేస్తే లెక్క చెల్లదు. ఆమె తలుపు చెక్కను ఇంకా గట్టిగా పట్టుకుంది.

కుర్చీ వెనక దారిన రాలేదు. పెద్దమ్మ ముందు తలుపు తెరుచుకుంది. సూది కోడలు "నేను పట్టుకుంటాను ఉండు" అంటున్నా వినకుండా, నీలం కుర్చీని రాళ్ళ మీద బరబరా ఈడ్చుకుంటూ పెద్దమ్మ పట్టపగలు అందరి ముందు నడిచి వచ్చింది. మూడో ఇల్లు దాటింది. సందు నడిమధ్యన కుర్చీ దింపింది.

"అమ్మాయ్! ఇటు రా. కూర్చో ముందు."

"ఇళ్ళల్లోకి వెళ్ళి చూడాలండీ," అంది ఆ అమ్మాయి.

"ఎవరు వద్దన్నారు? వెళ్ళు, చూడు, వచ్చి ఇక్కడ కూర్చుని రాసుకో. మళ్ళీ వెళ్ళు." పెద్దమ్మ ఊపిరి తీసుకుంది. "ఇది నాది. దీని జత ఇంట్లో ఉంది, అదీ నాదే. ఈ సందు మొత్తానికి ఉన్నవి ఈ రెండే. రాసుకో. ఫ్రిజ్ ఉంది, అందులో దుప్పట్లున్నాయి. అదీ రాసుకో."

డెబ్బై ఏళ్ళ మనిషి నోటితో అలాంటి మాట అనడం అప్పటిదాకా ఎవరూ వినలేదు. ఆ అమ్మాయి కూర్చుని హమ్మయ్య అంది. అప్పుడు ఆరో ఇంటి ఆమె గడప దిగింది.

"నిలువు ఫ్యాను మాది. ఒక్కటే. వాన పడితే అది కూడా తిరగదు."

"గాజు కప్పులు మావి! ఆరుండేవి, ఒకటి పోయింది. పగలగొట్టిన మనిషి ఎవరో ఆమెకే తెలుసు!"

"చెప్పవే, అందరి ముందూ చెప్పు!"

"మా ఇంట్లో అయితే మంచానికి మూడు కాళ్ళే, నాలుగోది ఇటుకలు," అంది సూది కోడలు. ఇందులోనూ ఆమె ఎవరికీ తగ్గదలుచుకోలేదు.

లెక్కలక్క భర్త గొంతు కలిపాడు: "మాది బస్సు సీటు తల్లీ. దాన్ని కుర్చీ అనొచ్చో లేదో నువ్వే తేల్చాలి. టికెట్ మాత్రం అడగం."

ఆ రోజు ఆ అమ్మాయికి ఎన్ని టీలు ఇచ్చారో లెక్కలేదు. సాయంత్రం దాకా కుర్చీ వీధిలోనే ఉంది. మధ్యలో ఒకసారి ఆ అమ్మాయి అడిగింది, వీధిలో ఉన్న కుర్చీని ఎవరింటి కింద రాయాలని. ముప్ఫై ఒకటి అని అరవై రెండు ఇళ్ళూ ఒకేసారి చెప్పాయి.

చివరగా ఆమె లెక్కలక్క ఇంటికి వచ్చింది.

"మీరేం పని చేస్తారండీ?"

"లెక్క..." అని ఆగింది లెక్కలక్క. "ఇప్పుడేం లేదమ్మా."

"నెల జీతం?"

"లేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సూది కోడలు నోరు తెరిచింది, ఆమె నోట మాట రాకపోవడం నేను చూసింది అదొక్కసారే.

"ముందు ఉండేదా అండీ?"

"ఉండేది."

"ముందుదానికి గడి లేదండీ."

"తెలుసమ్మా. నేనూ అలాగే చెప్పేదాన్ని."

ఫలితం రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. లెక్క తేలేదాకా వైద్యశాలను కదల్చొద్దని ఆ నిపుణుడు రాసి పెట్టాడట. ఆ పుణ్యం ఆయనది. ఈలోగా లెక్కలక్క పక్కింటి ఆమె దగ్గర గుండీ కుట్టడం నేర్చుకుంది. చెయ్యి నిదానం. కాకపోతే మూటలో ఎన్ని చొక్కాలు తక్కువ పంపారో విప్పకుండానే చెప్పేది, ఆ రకంగా సందుకు కొంత లాభం. పెద్దమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. తనకోసం ఇంకో మనిషి ఉద్యోగం పోయిందంటే మాట్లాడటం కష్టమే. పొద్దున్న సూదికి వెళ్ళేటప్పుడు గుమ్మం ముందు ఆగి, గొంతు సవరించుకుని, వెళ్ళిపోయేది.

ఉత్తరం వచ్చిన రోజున నర్సమ్మ పెద్దమ్మ చేతికి దూది అద్ది, అప్పుడు చదివింది. సందు గీతకు కిందే ఉంది. అర మార్కు కింద. వైద్యశాల ఉంటుంది.

"బతికాం! పేదవాళ్ళమే!" అంది సూది కోడలు. అందరూ పడి పడి నవ్వారు. పెద్దమ్మ మాత్రం చేతి మీది దూది అదిమి పట్టుకుని లెక్కలక్క వైపు చూస్తోంది.

"అర మార్కంటే ఎంతే?" అని అడిగింది. మూడు నెలల తర్వాత ఆమె ఆడిన మొదటి మాట అది.

"చాలా తక్కువ పెద్దమ్మా."

"అంటే ఒక ఫ్యాను ఎక్కువుంటే పోయేదా?"

"పోయేదేమో. చెప్పలేం. దేనికెన్ని మార్కులో ఎవరికీ చెప్పరు."

లెక్కలక్క చెయ్యి చాపితే నర్సమ్మ ఉత్తరం ఇచ్చింది. ఆమె వెనక పేజీ తిప్పి వరసగా చదువుకుంటూ పోయింది. కుర్చీ ఉన్న ఇళ్ళు, ఫ్యాను ఉన్న ఇళ్ళు, నీటి కుళాయి. అట్టడుగున ఒక వరస దగ్గర ఆమె వేలు ఆగింది. క్రమం తప్పని నెల జీతం ఉన్న ఇళ్ళు: సున్నా. పోయినసారి అక్కడ ఒకటి ఉండేది. ఆ ఒకటి ఎవరిదో గదిలో అందరికీ తెలుసు, అందుకే నవ్వు ఆగిపోయింది.

"ఏంటక్కా?" అంది నర్సమ్మ మెల్లగా. "ఎక్కడైనా తప్పు పడిందా?"

ఆమె పై నుంచి కింది దాకా ఇంకోసారి వేలితో చూసుకుంది. కాగితం మడిచి నర్సమ్మకు ఇచ్చేసింది.

"లేదు," అంది. "బాగా రాసింది ఆ అమ్మాయి. లెక్క సరిగ్గానే ఉంది."